సాంచీ దక్షిణ తోరణం – ఒక మేస్త్రీ పేరు



టోలిచౌకిలో మా ఇంటి ముందుగదిలో ఒక ఫోటో ఫ్రేము కట్టించి పెట్టుకున్నాను. వచ్చినవారందరూ "ఇది ఏ గుడి గోపురమండీ?" అని అడుగుతుంటారు. అది గోపురం కాదు. సాంచీ మహాస్తూపానికి దక్షిణ దిక్కున ఉన్న తోరణం.

భోపాల్ దాకా రైలులో వెళ్లి, అక్కడి నుండి 46 కిలోమీటర్లు టాక్సీలో ప్రయాణించాము. స్తూపానికి నాలుగు దిక్కులా నాలుగు తోరణాలున్నాయి. రెండేసి స్తంభాలు, వాటిపై మూడేసి అడ్డదూలాలు. కొయ్యపనిని రాతిలో చేసినట్లుంటుంది. నాలుగింటిలోనూ దక్షిణ తోరణమే మొదటిదని పండితుల అభిప్రాయం. దాని స్తంభాలపై సింహాలుంటాయి. అశోకుని స్తంభం మొదలు కూడా ఆ పక్కనే ఉంది.

నా చేతులు వణికి మొదటి ఫోటోలు చెదిరిపోయాయి. మనవడు నా మోచేయి పట్టుకుని "తాతయ్యా, ఇప్పుడు తీయండి" అన్నాడు.

ఈ తోరణంపైనే నాకెందుకింత మమకారమంటే, పైదూలం మీద చెక్కిన స్తూపంపై బ్రాహ్మీ లిపిలో చిన్న శాసనమున్నది. సాతకర్ణి మహారాజు శిల్పుల పెద్ద, వాసిష్ఠీపుత్రుడైన ఆనందుని దానమని దాని భావం. సాతకర్ణి మన శాతవాహనుల వంశంవాడు. ఆ వంశపు తొలి రాజుల నాణేలు జగిత్యాల జిల్లా కోటిలింగాలలో దొరికాయి. అదే తోరణంపై విదిశకు చెందిన దంతపు పనివారు తాము చేసిన శిల్పమని మరొక శాసనం చెక్కించారు.

1818లో జనరల్ టేలర్ చూసేనాటికే ఈ తోరణం నేలకూలి ఉన్నది. 1880లలో తిరిగి నిలబెట్టారు. మన అమరావతికి ఆ భాగ్యం లేకపోయింది. 1797లో కర్నల్ మెకంజీ చూసిన ఆ స్తూపపు రాళ్లు కొన్ని కట్టడాలకు పోగా, మరికొన్ని మద్రాసు, లండను మ్యూజియములకు చేరాయి.

మనం సర్వీసులో వేల నోట్లు రాశాము. మార్జిన్‌లో పొట్టి సంతకం మనది, కింద పూర్తి సంతకం అధికారిది. ఆ ఫైళ్లు ఎప్పుడో చెదలుపట్టి ఉంటాయి. రెండు వేల ఏళ్ల క్రితం ఒక కొలువు ఉద్యోగి మాత్రం రాజు పేరు పక్కన తన పేరు, తల్లి పేరు కూడా నిలుపుకున్నాడు. అదీ జీతం కోసం చేసిన పని మీద కాదు, తాను దానమిచ్చిన దానిమీద.

కాళ్లలో ఓపిక ఉండగానే మిత్రులు ఒకసారి వెళ్లి చూసి రావలసినదిగా మనవి.