గోడ ఒకటి, పూత ఒకటి

పాలమూరు పల్లెలలో పండుగ వచ్చినదంటే గోడకు సున్నము, దాని అడుగున జాజు పట్టె, వాకిట ముగ్గు తప్పవు. గోడ కట్టువారు వేరు, దానికి అందము దిద్దువారు వేరు. గోడ ఆకారమును, పైపూతను ఇట్లు విడదీసి చూచుట మనుష్యులకు అతి ప్రాచీనమైన అలవాటు. కంప్యూటర్‌కు మాత్రము ఇది 1974లో గాని అలవడలేదు.

అంతకు పూర్వము తెరపై గోడను గీయుటకు దాని నాలుగు మూలలు గుర్తించి, నడుమ ఒక రంగు నింపెడివారు. వనపర్తి జిల్లాలోని ఖిల్లా ఘణపూర్ కోట వంటి దానిని చూపవలెనన్న ఈ పద్ధతి చాలదు. కొండలపై సాగిన ఆ ప్రాకారములో ప్రతి రాతిని విడివిడిగా నిర్మింపవలసి వచ్చును. అంత లెక్క నాటి యంత్రములకు తలకు మించిన పని.

అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయములో ఎడ్విన్ కాట్మల్ 1974 నాటి తన పరిశోధన వ్యాసములో దీనికి ఉపాయము చూపెను. గోడను సాదాగానే ఉంచి, రాళ్ళ చిత్రమును దానిపై గుడ్డవలె పరచవచ్చును. అక్షాంశ రేఖాంశములతో ఊరి ఉనికిని తెలిపినట్లు, గోడపై ప్రతి బిందువునకు రెండు సంఖ్యలు ఇత్తురు. ఆ సంఖ్యలు చిత్రములో ఏ చోటిని చూపునో అచ్చటి రంగునే యంత్రము తెచ్చి అద్దును. ఇట్టి చిత్రమునకు టెక్స్చర్ అని పేరు.

1978లో జేమ్స్ బ్లిన్ వెలుతురు లెక్కను మాత్రమే మార్చి, నునుపైన తలము గరుకుగా కనిపించునట్లు చేసెను. 1983లో లాన్స్ విలియమ్స్ ఒకే చిత్రమును సగము, పాతిక పరిమాణములలో ముందే తయారుచేసి ఉంచి, దూరపు గోడలు మిణుకుమనకుండ చూచెను. 1985లో కెన్ పెర్లిన్ ఫొటో అవసరము లేకుండ గణితముతోనే చలువరాతి చారలను పుట్టించెను.

ఇంటి కంప్యూటర్లకు ఇంత జ్ఞాపకశక్తి ఎక్కడిది? 1992లో వచ్చిన ఊల్ఫెన్‌స్టీన్ 3డి ఆటలో గోడ చిత్రము 64 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు మాత్రమే, అనగా మొత్తము 4096 చుక్కలు. చిన్న చిత్రమునే మరల మరల పరచవలెను. పెడన కలంకారీ పనివారికి ఈ చిక్కు సుపరిచితము. చెక్క అచ్చు కుడి అంచు తరువాతి అద్దకపు ఎడమ అంచుతో కలియనిచో గుడ్డ అంతటా అతుకే కనిపించును. టెక్స్చర్ చేయువారు చిత్రమును సగము పక్కకు జరిపి, నడిమికి వచ్చిన అతుకును దిద్దుదురు.

ఈ పని సామాన్యుల చేతికి వచ్చిన కథ ఒక అగ్నిప్రమాదముతో ముడిపడినది. 1991 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ కొండలలో చెలరేగిన మంటలలో విల్ రైట్ ఇల్లు కాలిపోయెను. ఇంటి వస్తువులను మరల ఒక్కొక్కటిగా సమకూర్చుకొన్న ఆ అనుభవము ఇల్లు కట్టి సంసారము నడుపు ఆటకు ప్రేరణ అయినది. 2000 ఫిబ్రవరిలో వెలువడిన ఆ ఆటయే ది సిమ్స్. దానికి తోడుగా మాక్సిస్ సంస్థ ఇచ్చిన హోమ్‌క్రాఫ్టర్ అను సాధనముతో ఎవరైనను తమకు నచ్చిన గోడను, నేలను చేసికొనవచ్చును.

ఆ ఆటలోని ఇండ్లు అమెరికా శివారుల ఇండ్లను పోలినవి. జాజు పట్టె గోడ కావలెనన్న తామే చేసికొనవలెను. ఘణపూర్ రాతిగోడను చేయదలచినవారు మబ్బు పట్టిన వేళ ఫొటో తీయుట మేలు. ఎండలో తీసిన నీడ చిత్రములో నిలిచిపోయి, ఆటలో రాత్రివేళ కూడ కనిపించును. కొట్టవచ్చినట్లుండు రాయి ఫొటోలో ఉన్నను చిక్కే. ప్రతి నాలుగడుగులకు ఒకసారి అదే రాయి తిరిగి వచ్చి గుట్టు రట్టు చేయును. నిజమైన కోటలో ఏ రాయి రెండవ రాతిని పోలదు. ఆ తేడా గమనించుటకు ముందు గోడ దగ్గరకు పోయి చూడవలెను.