ఒకే కచేరీ, రెండు రికార్డులు

1965 మే 9, ఆదివారం మధ్యాహ్నం న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో వ్లాదిమిర్ హొరోవిట్జ్ పియానో కచేరీ జరిగింది. ఆ కచేరీ రికార్డింగ్ రెండు రూపాల్లో దొరుకుతుంది. మొదటిది అదే ఏడాది కొలంబియా రికార్డ్స్ సంస్థ రెండు ఎల్పీలుగా విడుదల చేసింది. రెండోది 2003లో సోనీ క్లాసికల్ తెచ్చింది. వాయించిన మనిషి, హాలు, రచనలు అన్నీ ఒకటే అయినా కొన్ని చోట్ల వినిపించే స్వరాలు మాత్రం ఒకటి కావు. ‘లైవ్ రికార్డింగ్’ అనేది ఎలా తయారవుతుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అరుదు.

హొరోవిట్జ్ 1903లో, ఇప్పటి ఉక్రెయిన్‌లో పుట్టాడు. 1925లో సోవియట్ దేశం విడిచి యూరప్ చేరాడు. 1928 జనవరి 12న కార్నెగీ హాల్‌లోనే చైకోవ్‌స్కీ మొదటి కంచెర్టోతో అమెరికాలో తొలిసారి వేదిక ఎక్కాడు. 1933లో ప్రఖ్యాత సంగీత నిర్దేశకుడు ఆర్తురో తోస్కనీని కూతురు వాండాను పెళ్లాడాడు. కీర్తి శిఖరాన ఉన్న రోజుల్లోనే, 1953లో, బహిరంగ కచేరీలు మానేశాడు. వేదిక భయం, ఎడతెగని ప్రయాణాల అలసట, అనారోగ్యం కలిసి ఆయన్ను ఇంటికి పరిమితం చేశాయి.

ఆ పన్నెండేళ్లూ శ్రోతలకు ఆయన రికార్డుల్లోనే దొరికాడు. 1962లో ఆర్‌సీఏ సంస్థను వదిలి కొలంబియాలో చేరాక చేసిన తొలి రికార్డుకు గ్రామీ పురస్కారం వచ్చింది. స్టూడియోలో నచ్చని భాగాన్ని మళ్లీ వాయించుకోవచ్చు. పలుమార్లు వాయించిన టేపుల్లోంచి బాగున్న ముక్కలు ఏరి అతికించవచ్చు. అలా తయారైన రికార్డులకు అలవాటుపడిన శ్రోతల ఎదుటికే హొరోవిట్జ్ 1965లో తిరిగి వచ్చాడు.

టికెట్ల కోసం జనం రాత్రంతా వీధిలో వరుసకట్టారు. వాండా వాళ్లకు కాఫీ ఇప్పించిన ముచ్చట అప్పటి కథనాల్లో చేరింది. కచేరీ బాఖ్ ఆర్గాన్ రచనకు బుసోని చేసిన పియానో రూపంతో మొదలైంది. తర్వాత షూమన్ ‘ఫాంటసీ’, విరామానంతరం స్క్రియాబిన్ తొమ్మిదో సొనాటా, జి మైనర్ బల్లాడ్ సహా షోపెన్ రచనలు వచ్చాయి. చివర్లో శ్రోతల కోరిక మీద దెబుస్సీ, స్క్రియాబిన్, మోష్‌కోవ్‌స్కీ, షూమన్ల చిన్న రచనలు నాలుగు కొసరుగా వాయించాడు.

ఆ మధ్యాహ్నం అన్నీ సాఫీగా సాగలేదు. బాఖ్-బుసోని ఆరంభంలోనే ఒక తప్పు మీట పడింది. షూమన్ ‘ఫాంటసీ’ రెండో భాగం ముగింపులో రెండు చేతులూ ఒకేసారి ఎదురెదురు దిక్కులకు దూరదూరంగా గెంతాలి. పియానిస్టులంతా జంకే ఆ చోట ఆయనకూ స్వరాలు తప్పాయి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ప్రతి స్వరమూ ముందే రాసి ఉంటుంది. వాయించేవాడు తప్పును మనోధర్మం మాటున దాచుకోలేడు. పుస్తకం తెరిచి వినేవాడికి అది వెంటనే దొరికిపోతుంది.

ఎల్పీలో మాత్రం ఆ తప్పులు చాలావరకు వినిపించవు. అయస్కాంత టేపును రేజర్ బ్లేడుతో ఏటవాలుగా కోసి, తప్పు పడిన ముక్క స్థానంలో మంచి ముక్క అతికించడం అప్పటికి మామూలు పనే. చప్పట్లు, హాలు ప్రతిధ్వని అలాగే ఉండటంతో అతుకు చెవికి తెలియదు. ‘యాన్ హిస్టారిక్ రిటర్న్’ పేరుతో వచ్చిన ఆ ఆల్బమ్ 1966లో శాస్త్రీయ విభాగపు ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ గెలిచింది. శబ్దగ్రహణానికీ గ్రామీ దక్కింది.

ఇది కేవలం కంపెనీ చేసిన మాయ అనుకోవడం సరికాదు. కచేరీలో దొర్లిన తప్పును శ్రోత ఒక్కసారే వింటాడు, తర్వాతి రచనలో పడి మరచిపోతాడు. రికార్డులో అదే తప్పు పెట్టిన ప్రతిసారీ అదే చోట వినిపిస్తుంది. అందుకే దిద్దుబాటును కళాకారులూ కోరుకునేవారు. కొలంబియాకే రికార్డులు చేసే కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. 1964లో కచేరీలు పూర్తిగా మానేసి, టేపు కోసి అతకడం కూడా కళాకారుడి సృజనలో భాగమేనని వాదించాడు. 1980లో హొరోవిట్జ్ ఆల్బమ్ పేరును ‘హిస్టెరిక్ రిటర్న్’గా మార్చి ఒక హాస్య రికార్డూ చేశాడు.

హొరోవిట్జ్ తర్వాతి రికార్డుల్లోనూ ఈ పద్ధతి సాగింది. 1966 కార్నెగీ హాల్ కచేరీల నుంచి వచ్చిన ‘హొరోవిట్జ్ ఇన్ కన్సర్ట్’ ఏ ఒక్క రోజుదీ కాదు, వేర్వేరు తేదీల నుంచి ఏర్చి కూర్చింది. దీనికి భిన్నంగా, అంతకుముందు 1940లలో తన కార్నెగీ హాల్ కచేరీలను ఆయన సొంత ఖర్చుతో డిస్కుల మీద రికార్డు చేయించుకున్నాడు. విడుదల కోసం కాక తాను వినడం కోసం చేయించినవి అవి. వాటిని తర్వాత యేల్ విశ్వవిద్యాలయానికి ఇచ్చాడు. 1986 ఏప్రిల్ 20న, దేశం విడిచిన 61 ఏళ్లకు, మాస్కో కన్సర్వేటరీలో చేసిన కచేరీ డాయిచె గ్రామోఫోన్ రికార్డుగానూ, వీడియోగానూ వచ్చింది. 1989 నవంబరు 5న ఆయన న్యూయార్క్‌లో మరణించాడు.

సోనీ 2003లో విడుదల చేసిన రూపం ఆ 1965 కచేరీని దిద్దుబాట్లు లేకుండా వినిపించింది. 2013లో ఆయన కార్నెగీ హాల్ కచేరీల రికార్డింగులను కలిపి 41 సీడీల పెట్టెగా తెచ్చారు. ఈ విడుదలలతో పాత ఎల్పీ విలువ తగ్గిపోలేదు. ఆ కచేరీ ఏ రూపంలో నిలిచిపోవాలని 1965లో హొరోవిట్జ్, ఆయన రికార్డు సంస్థ అనుకున్నారో అందులో ఉంది. ఆ రోజు హాల్లో కూర్చున్నవాళ్లు విన్నది 2003 రూపంలో ఉంది. పియానిస్టు చేతి పనితనాన్ని అంచనా వేయాలనుకునేవారు దిద్దని రూపాన్నే ఆధారం చేసుకోవాలి. ఆ కాలపు రికార్డింగ్ పరిశ్రమ అభిరుచి తెలుసుకోవాలంటే రెండిటినీ పక్కపక్కన పెట్టి వినాలి.