మరల కొలతలు, విరిగిన స్టడ్డు

ఒక కొస ఇంజను దిమ్మెలో బిగిసి, రెండో కొసన నట్టుతో పైభాగాన్ని పట్టి ఉంచే, తల లేని బోల్టును స్టడ్డు అంటారు. అది విరిగితే అదే కొలతది అంగడిలో దొరకడం నేడు సహజమే గాని, 19వ శతాబ్ది తొలి దశాబ్దాల ఇంగ్లండులో ఏ కార్ఖానా మరలు, అంటే త్రెడ్లు, దానివే కావడంతో ఒకచోటి నట్టు మరోచోటి బోల్టుకు పట్టేది కాదు. అనేక కార్ఖానాల బోల్టులను సేకరించి పోల్చిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మర గాడి వాలుల మధ్య కోణం 55 డిగ్రీలుగానూ, అంగుళానికి చుట్ల సంఖ్య బోల్టు మందాన్ని బట్టి ఉండేలానూ ప్రతిపాదించాడు. మరమ్మతు పనివాడికి ఇంతటి మేలు చేసిన పట్టిక అరుదు. 1864లో ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ తయారీకి సులువైన 60 డిగ్రీలను ఎంచుకోగా రెండు దేశాల మరలు వేరయ్యాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఆ తేడా తెచ్చిన ఇక్కట్లతో 1948లో బ్రిటన్, అమెరికా, కెనడాలు 60 డిగ్రీల ఉమ్మడి మరకు ఒప్పుకున్నాయి.

కొలత కుదిరినా విరిగిన ముక్కను తీయడం మాత్రం నేటికీ చేతి నేర్పే: ముక్క నడిమధ్యన సెంటర్ పంచ్‌తో గుంట కొట్టి, డ్రిల్లుతో రంధ్రం చేసి, ఎదురు మర గల ఎక్స్‌ట్రాక్టరును అందులో ఎడమవైపు తిప్పితే, అది లోపల బిగిసేకొద్దీ ముక్క వదులై పైకి వస్తుంది, ఆపై ట్యాపుతో మరలు శుభ్రపరచి కొత్త స్టడ్డును ముందుగా వేళ్లతోనే తిప్పి ఎక్కిస్తారు.