ఖరే చేసిన పని, బోస్ అన్న మాట

మా రాయపూర్‌లో పండిత్ రవిశంకర్ శుక్లా పేరుతో విశ్వవిద్యాలయం ఉంది. ఈ ఊళ్ళో వకీలుగా ఉన్న శుక్లా 1938లో సెంట్రల్ ప్రావిన్సెస్‌కి ప్రధానమంత్రి (ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే పిలిచేవారు) ఎలా అయ్యాడో ఇక్కడ చదివే కుర్రాళ్ళని అడిగి చూడండి. చాలామంది చెప్పలేరు.

ఆయనకు ముందు ఆ పదవిలో ఉన్నది నాగపూర్ డాక్టరు ఎన్.బి. ఖరే. మరాఠీ మంత్రులకూ, శుక్లా, ద్వారకాప్రసాద్ మిశ్రా వంటి మహాకోశల్ మంత్రులకూ పొసగలేదు. మే నెలలో పచ్‌మఢీలో కుదిర్చిన రాజీ రెండు నెలలైనా నిలవలేదు. జూలై 20న ఖరే రాజీనామా చేసి, మిగతా మంత్రులనీ చెయ్యమన్నాడు. శుక్లా, మిశ్రా, మెహతా పార్టీ చెబితే తప్ప చెయ్యమన్నారు. గవర్నరు ఆ ముగ్గురినీ బర్తరఫ్ చేసి, మర్నాడే ఖరేతో కొత్త మంత్రివర్గం ఏర్పాటు చేయించాడు. పటేల్ నడిపే పార్లమెంటరీ బోర్డు పిలిచి నిలదీసేసరికి ఖరే 23న మళ్ళీ రాజీనామా ఇచ్చాడు. బాధ్యత గల పదవులకు ఆయన తగడని వార్ధాలో వర్కింగ్ కమిటీ తీర్మానించింది. శుక్లా గద్దెనెక్కాడు. ఆనాటి కాంగ్రెసు అధ్యక్షుడు సుభాష్ చంద్ర బోస్.

1939 జనవరిలో బోస్ మన పట్టాభి సీతారామయ్య మీద 1580–1377 ఓట్లతో మళ్ళీ గెలిచాడు. ఆ ఓటమి తనదేనన్నాడు గాంధీ. త్రిపురి సభ తర్వాత ఏప్రిల్‌లో బోస్ తప్పుకోవాల్సి వచ్చింది. కాంగ్రెసు కమిటీ అనుమతి లేకుండా ఎవరూ సత్యాగ్రహం చెయ్యకూడదని జూన్‌లో బొంబాయిలో తీర్మానం చేశారు. దానికి నిరసనగా జూలై 9న సభలు జరపమని బోస్ పిలుపిచ్చాడు. ఆగస్టులో ఆయన్ని మూడేళ్ళపాటు ఎన్నికైన ఏ కాంగ్రెసు కమిటీలోనూ ఉండకుండా నిషేధించారు.

నేను రక్షణ శాఖ లెక్కల్లో బతికినవాణ్ణి. అభ్యంతరం రాసిన గుమాస్తానూ, అధికారికి తెలియకుండా చెక్కు ఇచ్చేసిన గుమాస్తానూ మేం ఒకే పద్దులో వెయ్యం. ఖరే పార్టీకి చెప్పకుండా గవర్నరు చేత పని జరిపించుకున్నాడు. అది పని. బోస్ తీర్మానం తప్పని బహిరంగంగా అన్నాడు, అనమన్నాడు. అది మాట. రెంటికీ కాంగ్రెసు పెట్టిన పేరు ఒక్కటే, క్రమశిక్షణా రాహిత్యం. వాక్ స్వాతంత్ర్యం కోసం తెల్లవాడితో పోట్లాడుతున్న పార్టీ అది!

ఖరే 1943లో వైస్రాయి కౌన్సిల్లో చేరాడు, తర్వాత హిందూ మహాసభకి వెళ్ళాడు, కాబట్టి పార్టీ చేసింది రైటేనని వాదించేవాళ్ళున్నారు. 1943 వోచరుతో 1938 ఖర్చు పాస్ చెయ్యడం ఏం లెక్క?

ఇప్పుడు దీనికి చట్టమే ఉంది. 1985లో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం పార్టీ సభ్యత్వం 'స్వచ్ఛందంగా వదులుకుంటే' శాసనసభ్యత్వం పోతుంది. రాజీనామా ఇవ్వకపోయినా ప్రవర్తనని బట్టి అది తేల్చవచ్చని సుప్రీంకోర్టు 1994లో అంది. నాయకుణ్ణి విమర్శించడం ఆ ప్రవర్తన కిందికి వస్తుందా? 2020 జూలైలో రాజస్థాన్‌లో సచిన్ పైలట్‌తో కలిపి 19 మంది కాంగ్రెసు శాసనసభ్యులు నోటీసులందుకుని, లోపలి అసమ్మతి వాక్ స్వాతంత్ర్యమేనని హైకోర్టులో వాదించారు. ఆగస్టులో రాజీపడి పార్టీలోకి వచ్చేశారు.