అమ్మానాన్నలు అమెరికాలో ఫోన్ ఎలా నేర్చుకున్నారు? ట్రంక్ కాల్ నుంచి వాట్సాప్ దాకా

ఈ ఎపిసోడ్‌లో రాజులు, యుద్ధాలు ఏమీ లేవు. మన ఇళ్ళల్లోనే జరిగినా ఎవరూ రాసిపెట్టని చరిత్ర ఒకటి చెప్తాను. అరవై దాటిన అమ్మానాన్నలు, పిల్లల్ని చూడ్డానికి అమెరికా వెళ్ళి, అక్కడ స్మార్ట్‌ఫోన్ నేర్చుకున్న కథ.

కొంచెం వెనక్కి వెళ్దాం. మన దేశంలో ఆపరేటర్ లేకుండా వేరే ఊరికి నేరుగా డయల్ చేసే ఎస్టీడీ 1960లో లక్నో, కాన్పూర్ మధ్య మొదలైంది. మిగతా చోట్ల చాలా ఏళ్ళు ట్రంక్ కాలే గతి. బుక్ చేసి, లైన్ కలిసేదాకా కూర్చోవాలి. 1984లో సీ-డాట్ పెట్టాక పల్లెలకి కూడా చిన్న ఎక్స్ఛేంజీలు వచ్చాయి. తర్వాత పసుపు రంగు బోర్డుల ఎస్టీడీ బూత్‌లు. రాత్రిపూట రేటు తక్కువని అప్పుడే క్యూ కట్టేవాళ్ళు. మాట్లాడుతున్నంతసేపూ కళ్ళు మీటర్ మీదే!

1990లలో మన పిల్లలు హెచ్-1బీ వీసాల మీద అమెరికా వెళ్ళడం పెరిగింది. ఇక్కడొక విషయం గమనించండి. ఇక్కణ్ణుంచి ఐఎస్‌డీ చేయాలంటే బోలెడు ఖర్చు. అందుకని కాల్ ఎప్పుడూ అటునుంచే వచ్చేది. కొడుకు కాలింగ్ కార్డు కొని చేస్తాడు, అమ్మ ఆదివారం పొద్దున ఫోన్ పక్కన కూర్చుంటుంది. బెంగ వచ్చినా తనంతట తాను చేయలేదు. ఎదురుచూడటమే ఆమె వంతు.

2007లో ఐఫోన్, 2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోన్, 2009లో వాట్సాప్ వచ్చాయి. వాట్సాప్ పెట్టిన ఇద్దరిలో ఒకరు జాన్ కూమ్. ఆయన కూడా 16 ఏళ్ళప్పుడు తల్లితో ఉక్రెయిన్ నుంచి అమెరికా వలస వెళ్ళినవాడే. 2013లో వాయిస్ మెసేజ్‌లు, 2015లో కాల్స్, 2016లో వీడియో కాల్స్ వచ్చాయి.

మా అమ్మ 2015లో న్యూజెర్సీలో అన్నయ్య వాళ్ళింటికి వెళ్ళింది. అప్పటికి 62 ఏళ్ళు, చదివింది ఏడో తరగతి. విజిటర్ వీసా మీద మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. పగలు కొడుకూ కోడలూ ఆఫీసు, మనవరాలు స్కూలు. వీధిలో మనిషి కనపడడు, కారు లేకపోతే అడుగు బయట పెట్టలేం. మరి ఆ ఇంట్లో ఏముంది? ఎంత వాడినా అయిపోని వైఫై, ఖాళీగా ఉన్న పగళ్ళు, సాయంత్రానికి వచ్చే ఎనిమిదేళ్ళ టీచరమ్మ. జియో వచ్చింది 2016 సెప్టెంబరులో. అంతకుముందు ఇక్కడ డేటా పొదుపుగా వాడుకునేవాళ్ళం. అందుకే మా అమ్మలాంటి చాలామందికి అసలు స్మార్ట్‌ఫోన్ బడి అమెరికాలోనే దొరికింది.

బటన్ ఫోన్ అలవాటుతో స్క్రీన్‌ని గట్టిగా నొక్కేది. నొక్కి పట్టుకుంటే ఇంకేదో మెనూ వచ్చేది. ఇంగ్లీషు చదవలేదు కాబట్టి రంగుల్ని గుర్తుపెట్టుకుంది. వాట్సాప్ అంటే ‘ఆకుపచ్చది’, యూట్యూబ్ అంటే ‘ఎర్రది’. టైపింగ్ జోలికి పోలేదు, మైకు నొక్కి మాట్లాడటం పట్టేసింది. ఒకరోజు తనే గుంటూరులో ఉన్న పిన్నికి కాల్ చేసింది. ఎవరినీ అడక్కుండా, ఎవరూ కలపకుండా!

ఇంకో సంగతి. ఈ ఫోన్లు మన భాష కోసం తయారైనవి కావు. గూగుల్ వాయిస్ టైపింగ్‌లోకి తెలుగు వచ్చింది 2017లోనే. 2018 ఫిబ్రవరిలో అయితే ‘జ్ఞా’ అనే ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్ యాప్‌లు క్రాష్ అయ్యాయి! తర్వాత ఆపిల్ అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. మన అక్షరాన్ని తట్టుకోలేని ఫోన్‌ని మన అమ్మలు తట్టుకుని నేర్చుకున్నారు.

ప్రయాణం కూడా మారింది. ఒకప్పుడు పిల్లలు ఇంగ్లీషులో ఒక కాగితం రాసిచ్చేవాళ్ళు: ‘నాకు ఇంగ్లీషు రాదు, ఈ ఫ్లైట్ గేటుకి తీసుకెళ్ళండి’ అని. నడవగలిగినవాళ్ళకి కూడా దారి తప్పిపోతారని వీల్‌చైర్ బుక్ చేసేవాళ్ళు. ఇప్పుడు ట్రాన్సిట్ ఎయిర్‌పోర్టులో వైఫై దొరికితే చాలు, ‘ఏ గేటు నాన్నా?’ అని వాళ్ళే అడుగుతారు.

ఒక్క జీవితంలో ట్రంక్ కాల్, ఎస్టీడీ, బటన్ ఫోన్, టచ్ స్క్రీన్, నాలుగూ నేర్చుకున్న తరం అది. కాబట్టి అమ్మ ‘ఇదెలారా?’ అని అడిగితే ఫోన్ లాక్కుని మీరు చేసిపెట్టకండి. వేలు ఆమెదే ఉండనివ్వండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. రేపు పరాయి దేశంలో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పది నిమిషాలే ఆమెకి తోడు.