తిలాపాపం తలా పిడికెడు

నీళ్ళు బాగోలేవంటే మనమంతా చేసే పని ఒక్కటే. గిన్నె పొయ్యిమీద పెట్టి, తెర్లకాచి, చల్లార్చి, వడపోసి తాగుతాం. పురిటింట్లోనూ అంతే, జ్వరం వచ్చినవారి ఇంట్లోనూ అంతే. అమ్మమ్మల నాటినుంచీ వస్తున్న మాట అది. మరి కాచినకొద్దీ విషం చిక్కబడే నీళ్ళు కూడా వుంటాయంటే మీరు నమ్ముతారా?

2014 ఆగస్టు 2వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, టొలీడో నగరంలో, అధికారులు అటువంటి కబురే చెప్పారు. కొళాయి నీళ్ళు తాగవద్దు, కాచి కూడా తాగవద్దు అన్నారు. నాలుగు లక్షలమందికి పైగా జనం ఆ నీళ్ళమీదే ఆధారపడ్డవారు. దుకాణాల్లో నీళ్ళ సీసాలు గంటల్లో ఖాళీ అయిపోయాయి. పాలపొడి కలిపి పట్టే పసివాళ్ళ తల్లుల అవస్థ ఎటువంటిదో మీకు వేరే చెప్పాలా! మూడో రోజుకి గానీ నిషేధం ఎత్తివెయ్యలేదు. ఇంతా చేసి ఆ వూరి పక్కన వున్నది సముద్రమంత మంచినీళ్ళ సరస్సు. దాని పేరు ఈరీ. చదువులకీ ఉద్యోగాలకీ వెళ్ళిన మన తెలుగుపిల్లలు ఎందరో ఆ చుట్టుపక్కల రాష్ట్రాల్లో కాపురాలు చేసుకుంటున్నారు.

అమెరికాకీ కెనడాకీ సరిహద్దులో వున్న అయిదు మహా సరస్సుల్లో ఈరీ ఒకటి. పాతిక వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు విస్తీర్ణం. కానీ అయిదింటిలోకీ లోతు తక్కువ. సగటున 62 అడుగులు; టొలీడో వున్న పడమటి కొసన అయితే 24 అడుగులే. మన మండువా ఇల్లు గుర్తుచేసుకోండి. నాలుగు వైపుల పెంకుల మీద పడ్డ వాన అంతా చూరులమీదుగా నట్టింటి వాకిట్లోకే వస్తుంది గదా. ఏ పెంకుమీద కాకి రెట్ట వేసినా అది ఆ వాకిట్లోకే దిగుతుంది. అలా ఒక సరస్సులోకి నీరు జారే నేలనంతా పరీవాహక ప్రాంతం అంటారు. ఈరీకి ఆ పైకప్పు రెండు దేశాలది, అనేక రాష్ట్రాలది, వేలాది రైతులది. కింద తాగే నీళ్ళు మాత్రం అందరికీ ఒక్కటే.

ఉమ్మడి నీటిమీద తగవులు వస్తాయని పెద్దలు ముందే గ్రహించారు. 1909లోనే సరిహద్దు జలాల ఒప్పందం రాసుకున్నారు. ఒక దేశం వారు నీళ్ళు చెడగొట్టి రెండో దేశం వారి ఆరోగ్యానికి గానీ ఆస్తికి గానీ నష్టం కలిగించకూడదు అని అందులో వుంది. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు సభ్యులతో ఒక సంయుక్త సంఘం కూడా పెట్టుకున్నారు. ఆ రోజుల్లో భయమల్లా టైఫాయిడ్ గురించి. నీళ్ళలో క్లోరిన్ కలపడం వచ్చాక ఆ భయం తగ్గింది. మురుగు మాత్రం సరస్సులోకి వస్తూనే వుంది.

1960ల నాటికి ఈరీ ఆకుపచ్చగా మారిపోయింది. ఒడ్డున నాచు కుళ్ళి కంపు కొట్టేది. చచ్చిన నాచు అడుగుకి చేరి కుళ్ళేటప్పుడు నీళ్ళలోని ప్రాణవాయువును లాగేసుకుంటుంది, చేపలకి ఊపిరాడదు. పత్రికలవాళ్ళు ఈరీ చచ్చిపోయిందని రాశారు. 1969 జూన్ 22న క్లీవ్‌లండ్ వూళ్ళో, ఆ సరస్సులో కలిసే కయహోగా నదిమీద తేలుతున్న నూనె తెట్టు అంటుకుని మండింది. డాక్టర్ స్యూస్ అనే రచయిత 1971లో పిల్లలకోసం రాసిన "ది లోరాక్స్" పుస్తకంలో సైతం ఈరీ దుస్థితి ప్రస్తావన వచ్చిందంటే చూడండి.

ఇంతకీ దోషి ఎవరు? భాస్వరం. పైరుకి బలమిచ్చే భాస్వరమే నాచుకీ బలమిస్తుంది. అది ఎక్కడినుంచి వచ్చింది? పొలాలనుంచి కొంత, డిట్రాయిట్ వంటి మహానగరాల మురుగునుంచి చాలా. ఆ మురుగులోకి ఎలా వచ్చిందంటే, అక్కడి ఇల్లాళ్ళు బట్టలు ఉతికే సబ్బుపొడినుంచి! ఆనాటి పొడుల్లో కొన్నిటిలో దాదాపు సగం బరువు ఫాస్ఫేటే. సబ్బు కంపెనీలవారు ఒప్పుకుంటారా? తప్పు భాస్వరానిది కాదని వాదించారు. దానికి జవాబుగా 1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక చిన్న సరస్సుకి నడుమ తెర కట్టారు. ఒక సగంలో కర్బనం, నత్రజని వేశారు. రెండో సగంలో వాటితోపాటు భాస్వరం కూడా వేశారు. భాస్వరం వేసిన సగం పచ్చగా పాచిపట్టిపోయింది, మొదటి సగం తేటగానే వుంది. విమానంలోంచి తీసిన ఆ ఫోటో వెయ్యి ఉపన్యాసాల పెట్టు.

అప్పటికే కెనడా 1970లో సబ్బుపొడిలో ఫాస్ఫేటుకి హద్దు పెట్టింది. 1973లో ఇంకా బిగించింది. అమెరికాలో రాష్ట్రానికో తీరు. ఫాస్ఫేటుకి బదులు కలిపే కొన్ని ఘాటు క్షారాలు పిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రమాదమని, ఫాస్ఫేటు పొడే క్షేమమని 1971లో ఆ దేశపు ప్రధాన వైద్యాధికారి చెప్పారు. పాపం, ఒకరు వాడొద్దంటారు, ఒకరు వాడమంటారు. ఇల్లాలు ఎవరి మాట వినాలి? అయినా ఒక్కొక్క రాష్ట్రమే దారికి వచ్చింది.

1972 ఏప్రిల్ 15న ఒట్టావాలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్, కెనడా ప్రధాని పియర్ ట్రూడో మహా సరస్సుల నీటి నాణ్యత ఒప్పందంమీద సంతకాలు చేశారు. మురుగునీరు శుద్ధిచేసే కేంద్రాలకు బోలెడు డబ్బు ఖర్చుపెట్టారు. ఈరీలోకి ఏడాదికి 11,000 టన్నులకు మించి భాస్వరం చేరరాదని 1978 ఒప్పందంలో లెక్క కట్టారు. పూర్వం అంతకు రెండింతలకు పైగా చేరేది. 1980ల్లో ఆ లెక్కకి దిగివచ్చారు. నీళ్ళు తేరుకున్నాయి, చేపలు తిరిగి వచ్చాయి. సరస్సు బాగుపడిందని పరిశోధకులు ఉత్తరం రాస్తే, ఆ పిల్లల పుస్తకం మలిముద్రణల్లోంచి ఈరీ ప్రస్తావన తీసేశారు కూడా.

కథ కంచికి వెళ్ళినట్టే అనిపిస్తుంది గదా? వెళ్ళలేదు. సబ్బుపొడి తయారుచేసేది కొద్ది కంపెనీలు. వాటికి ఒక ఆజ్ఞ చాలు. మురుగుగొట్టం కళ్ళకి కనబడుతుంది. దాని మూతి దగ్గర కొలిచి జరిమానా వెయ్యొచ్చు. పొలాలమీద వాన కడిగి తెచ్చేదానికి గొట్టమేదీ, మూతేదీ? 1978లోనే రెండు దేశాల నిపుణులు నేల మీదనుంచి వచ్చే ఈ కాలుష్యం గురించి పెద్ద నివేదిక ఇచ్చారు. కానీ అమెరికాలో 1972 నాటి నీటి చట్టం గొట్టాలకి లైసెన్సులు పెట్టిందే గానీ, పొలాలమీదనుంచి జారే వాననీటిని ఆ పట్టులోంచి వదిలేసింది.

టొలీడో దగ్గర సరస్సులో కలిసే మామీ నదికి నలభై లక్షల ఎకరాలకు పైబడిన పరీవాహక ప్రాంతం. ఇండియానా, మిషిగన్, ఒహాయో మూడు రాష్ట్రాలది. ఎక్కువ భాగం మొక్కజొన్న, సోయా పొలాలే. ఒకప్పుడు అందులో పెద్ద భాగం ఊబి నేల. నీరు లాగెయ్యడానికి భూమిలో గొట్టాలు పరిచి సాగులోకి తెచ్చారు. మట్టి కొట్టుకుపోకుండా వుండాలని దున్నకుండా సాగు చెయ్యడం నేర్పారు. మంచి పనే. కానీ పైన చల్లిన ఎరువు పైపైనే వుండిపోయి, వానకి కరిగి, భూమిలోని గొట్టాల గుండా కూడా నదికి చేరింది. 1990ల నడిమినుంచి ఆ కరిగిన భాస్వరం పెరుగుతూ వచ్చింది. 2011లో సరస్సుమీద నాచు అంతవరకూ ఎరగనంత పరుచుకుంది. ఎకరాకు ఏడాదికి పోయేది ఎంతనుకున్నారు? సుమారు అరకిలో, ముప్పావు కిలో. ఏ రైతుకీ అది నష్టంగా తోచదు. తిలాపాపం తలా పిడికెడు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఆ నీలాకుపచ్చ నాచు వదిలే విషమే 2014లో కొళాయిల్లోకి వచ్చింది. అది క్రిమి కాదు, కాస్తే చావడానికి. నీరు ఆవిరైనకొద్దీ మిగిలినదాంట్లో విషం పాలు హెచ్చుతుంది.

చట్టాలూ కదిలాయి. యాభై ఎకరాలకు మించి ఎరువు వేసేవారు శిక్షణ పొంది తీరాలన్నారు. గడ్డకట్టిన నేలమీదా, నీటితో నిండిన నేలమీదా ఎరువు చల్లరాదని 2015లో ఒహాయో శాసించింది. 2019లో టొలీడో పౌరులు ఓట్లు వేసి సరస్సుకే హక్కులు ఇచ్చారు. మరుసటి ఏడాది కోర్టు అది చెల్లదంది. అదే 2019లో, జాగ్రత్తగా సాగుచేసే రైతులకి డబ్బిచ్చే పథకం ఒహాయోలో మొదలైంది. 2025 నాటికి భాస్వరం నూటికి 40 వంతులు తగ్గించాలని ఒహాయో, మిషిగన్, ఒంటారియో 2015లో మాట ఇచ్చుకున్నాయి. గడువు దాటింది, మాట నెరవేరలేదు. రైతు ఇష్టపడితేనే చేసే పనులు కొన్నే అవుతాయనీ, కట్టడి చేస్తే చిన్న రైతు చితికిపోతాడనీ అక్కడ వాదన ఇంకా నడుస్తూనే వుంది. రెండు మాటల్లోనూ నిజం వుంది. ఆలస్యానికి మూల్యం చెల్లిస్తున్నది మాత్రం కొళాయి కింద బిందె పెట్టేవాళ్ళే.

మన చెరువులమీద గుర్రపుడెక్క ఎందుకు బలుస్తుందో ఇప్పుడు మీకు బోధపడి వుంటుంది. అదీ ఈ బలానికే. కొల్లేరునే తీసుకోండి. 2006లో అక్కడి అక్రమ చేపల చెరువుల గట్లు తెగ్గొట్టించారు. గట్టు కంటికి కనబడేది కనుక తెగింది. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే ఊళ్ళ మురుగుకీ, పొలాల నీటికీ కొట్టడానికి గట్టు లేదు. దానికి ఎగువ ఊరూ దిగువ ఊరూ ఒకచోట కూర్చుని, ఎవరి వంతు ఎంతో కొలుచుకుని, తగ్గించినవాడికి ఆసరా ఇచ్చి, తగ్గించనివాడిని నిలదియ్యాలి.

కాబట్టి సోదరీమణులారా, మీ కొళాయి నీళ్ళు ఏ చెరువువో, ఏ నదివో, అది ఏయే ఊళ్ళ మీదుగా వస్తుందో మీ మునిసిపాలిటీవారిని అడిగి తెలుసుకోండి. ఆ నీళ్ళలో నాచునీ, దాని విషాన్నీ పరీక్షిస్తున్నారా అని కూడా అడగండి. ఆ అడగడం మీ ఒక్కరితో ఆగకుండా మహిళామండలిలోనూ ప్రస్తావించండి. పాపం తలా పిడికెడు అయినప్పుడు, దాన్ని కడుక్కునే పని కూడా తలా పిడికెడే గదా!