శూన్య పరీక్ష: దోషనివారణమా? దోషాచ్ఛాదనమా?

కంప్యూటరు జ్ఞాపకంలో ఒక వస్తువు ఎక్కడ ఉన్నదో తెలిపేదానిని నిర్దేశం అంటారు. ఆ నిర్దేశం దేనినీ చూపకపోతే అది ‘నల్’, అనగా శూన్యం. లేని వస్తువును తెరవబోయిన ప్రోగ్రాం సాధారణంగా నిలిచిపోతుంది. 1965లో ఆల్గాల్-డబ్ల్యు అనే భాషను రూపొందిస్తూ ఆంగ్ల శాస్త్రజ్ఞుడు టోనీ హోర్ ఈ శూన్య నిర్దేశాన్ని ప్రవేశపెట్టాడు. అమలుపరచడం సులభమన్నదే అందుకు కారణం. 2009లో లండనులో జరిగిన ఒక సమావేశంలో ఆయనే దానిని ‘వందకోట్ల డాలర్ల పొరపాటు’ అని పేర్కొన్నాడు.

ఇట్లా నిలిచిపోకుండా ప్రోగ్రాములో చేర్చే పంక్తే శూన్య పరీక్ష, లేక ‘నల్ చెక్’. దీనివల్ల దోషం పోతుందా, దాగుతుందా?

రేపల్లెలో ఒక ఉన్నత పాఠశాల మార్కుల పట్టీలను కంప్యూటరు ముద్రిస్తున్నదనుకొందాం. ఒక విద్యార్థి సంఖ్య వద్ద శూన్యం ఎదురై ప్రోగ్రాం ఆగింది. ‘శూన్యమైతే వదలి ముందుకు సాగు’ అని ఒక పంక్తి చేర్చారు. ముద్రణ పూర్తయింది. కాని ఆ విద్యార్థికి పట్టీ రాలేదు. అంతేకాదు, నమోదులో అతని మార్కులు పొరపాటున మరొకరి సంఖ్య కింద పడి ఉంటే ఆ రెండవవానికి తప్పుడు పట్టీ వచ్చింది. యంత్రం ఆగినప్పుడు తెలియవలసిన సంగతి, ఆగకపోవడంవల్ల మరుగుపడింది.

వైద్యచరిత్రలో ఇటువంటి ఉదాహరణమే ఒకటి ఉన్నది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. పెర్నిషియస్ అనీమియా అనే రక్తహీనతలో దీనిని ఇవ్వగా రక్తం బాగుపడింది. అయితే నాడుల క్షీణత మాత్రం ఆగలేదు. 1948లో బి-12 విటమినును వేరుచేసిన పిమ్మట, ఆ రోగులకు కొరవడినది అదేనని రుజువైంది. రక్తపరీక్ష చూసి తృప్తిపడితే అసలు వ్యాధి లోలోపల ముదురుతుంది. ఇందులో మందు తప్పేమీ లేదు. ఫోలిక్ ఆమ్లం కొరతవల్ల కలిగే రక్తహీనతకు అదే సరియైన ఔషధం.

శూన్య పరీక్ష విషయమూ అంతే. పరీక్షకు హాజరుకాని విద్యార్థికి మార్కులు లేకపోవడం సహజం, అక్కడ ఆ పరీక్ష సమంజసమే. హాజరైనవాని మార్కులు కానరాకపోతే మాత్రం ప్రోగ్రాం ఆగడమే మేలు. ఆగడం వీలుకాని చోట, ఏ సంఖ్య వద్ద శూన్యం ఎదురైనదో అది నమోదు చేసి తెలపాలి. ఆపైన ఆ శూన్యం ఎక్కడ పుట్టిందో వెనుకకు వెదకుతూ పోవాలి. చికిత్స జరగవలసినది అక్కడే.